మ్యాప్ ఎంత పెద్దదని కాదు, ఆటలో మనం చేసే పనేంటని అడగండి: కొత్త తరం గేమ్ డిజైన్‌ని భద్రాచలం గోదారి గట్టు మీద అర్థం చేసుకుందాం

కొత్త గేమ్ ట్రైలర్ రాగానే మనందరం అడిగే ప్రశ్నలు రెండే. మ్యాప్ ఎంత పెద్దది? నా ఫోన్‌లో నడుస్తుందా? రెండోదాని గురించి ఈ సైట్‌లో రోజూ రాస్తూనే ఉన్నాం. మొదటిదాని మీద మాత్రం నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉంది. మ్యాప్ నాలుగింతలు పెరిగినా, గ్రాఫిక్స్‌లో చెమట చుక్క కూడా కనిపించినా, ఆడుతున్నప్పుడు మన వేళ్లు చేసే పని పదేళ్ల కిందట చేసినదే అయితే అది కొత్త గేమ్ ఎలా అవుతుంది?

అందుకే ఈసారి రివ్యూ కాదు, వివరణ రాస్తున్నా. సృజనలో హద్దులు దాటిన గేమ్ అని దేన్ని అనాలి? దాన్ని గుర్తుపట్టడం ఎలా? నాకు ఈ విషయం బాగా అర్థమైంది మాత్రం పీసీ ముందు కూర్చున్నప్పుడు కాదు. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వెళ్లి, బూర్గంపాడు దగ్గర మా పెద్దమ్మ వాళ్లింట్లో ఒక చార్ట్ పేపర్ పరిచి కూర్చున్నప్పుడు. ఆ సంగతికి వస్తా. ముందు అసలు విషయం.

తొక్క తీసేసి చూడండి

ఏ గేమ్‌నైనా మూడు పొరలుగా విడదీయొచ్చు. పైన కనిపించేది తొక్క: బొమ్మలు, సంగీతం, కథ, హీరో వేసుకున్న డ్రెస్. దాని కింద క్రియ: మనం నిజంగా చేసే పని. గురి పెట్టడం, దూకడం, పరుగెత్తడం, దాక్కోవడం. అన్నిటికంటే అడుగున నియమం: ఏం చేస్తే ఏం జరుగుతుంది, దేనికి ఏం పోగొట్టుకోవాలి అనేది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఒక గేమ్‌లోని తొక్క మొత్తం మార్చేయండి. సైనికుడి బదులు రోబో, ఎడారి బదులు మంచుకొండ అనుకోండి. అయినా ఆట అచ్చం అలాగే నడుస్తోందా? అయితే అది తొక్క మీద ఆధారపడిన గేమ్. అది తప్పేమీ కాదు, అలాంటివి నేనూ గంటలు గంటలు ఆడతాను. కానీ దాన్ని సాహసం అనలేం.

ఈ పరీక్షని మన ఏరియాకే పెట్టి చూద్దాం. రేపు ఎవరో 'భద్రాచలం ఓపెన్ వరల్డ్' అని ఒక గేమ్ తీశారనుకోండి. రామాలయం గోపురం ఉంది, గోదారి మీద బ్రిడ్జి ఉంది, కిన్నెరసాని ఉంది, పర్ణశాల దారిలో చెట్లున్నాయి. ట్రైలర్ చూసి మనం ఎగిరి గంతేస్తాం. కానీ గేమ్‌లో చేసేది అడవిలో గన్ పట్టుకుని తిరగడమే అయితే, అది వేరే దేశం అడవిలో జరిగినా తేడా ఉండదు. పైగా చర్ల, దుమ్ముగూడెం వైపు తుపాకుల మధ్య దశాబ్దాలు నలిగిన ఊళ్లున్నాయి. అక్కడ తుపాకీ అంటే కొత్త సరదా ఏమీ కాదు. ఊరి పేరు వాడుకోవడం సులువు, ఆ ఊరి బతుకుని నియమంగా మార్చడమే కష్టం.

హద్దులు దాటిన గేమ్‌లు ఏం చేశాయి?

2019లో మూడు గేమ్‌లు వచ్చాయి. మూడూ మూడు రకాలుగా ఈ పని చేశాయి.

మొదటిది డెత్ స్ట్రాండింగ్. హిడియో కొజిమా టీమ్ తీసింది. మామూలు ఓపెన్ వరల్డ్ గేమ్‌లో నడక అంటే ఒక మిషన్‌కి ఇంకో మిషన్‌కి మధ్య టైమ్‌పాస్. ఈ గేమ్ నడకనే ఆట చేసింది. వీపు మీద మూటలు ఎంత ఎత్తు పేరిస్తే అంత తూలిపోతారు. ఏటవాలు రాళ్ల మీద రెండు ట్రిగ్గర్లు పట్టుకుని బ్యాలెన్స్ చేసుకోవాలి. వాగు లోతెంతో చూసుకుని దిగాలి. ఇంకో ఆటగాడు ఎక్కడో తన గేమ్‌లో వేసిన నిచ్చెన, కట్టిన వంతెన మీ గేమ్‌లో కనిపిస్తాయి. అతన్ని మీరెప్పుడూ చూడరు, కానీ అతని నిచ్చెన ఎక్కి గండం దాటతారు. వానాకాలంలో రేషన్ బియ్యం నెత్తిన పెట్టుకుని వాగు దాటే మనుషుల్ని చూసినవాళ్లకి ఈ గేమ్ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

రెండోది ఔటర్ వైల్డ్స్. ఇందులో కొత్త ఆయుధం ఉండదు, లెవల్ పెరగదు, స్కిల్ పాయింట్లు ఉండవు. 22 నిమిషాలకి ఒకసారి అంతా మొదటికి వస్తుంది. మీతో మిగిలేది మీకు తెలిసిన విషయం మాత్రమే. ఏ గ్రహం మీద ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలిస్తే చాలు, ముందుకెళ్తారు. అంటే అప్‌గ్రేడ్ అయ్యేది గేమ్‌లోని పాత్ర కాదు, మన బుర్ర. ఒకసారి పూర్తి చేస్తే మళ్లీ మొదటిసారిలా ఆడలేం. వ్యాపారం లెక్కలో చూస్తే ఇది పెద్ద రిస్క్. అయినా 2020లో బాఫ్టా ఉత్తమ గేమ్ అవార్డు దీనికే వచ్చింది.

మూడోది బాబా ఈజ్ యూ. ఫిన్లాండ్‌కి చెందిన ఆర్వి టెయికారి 2017లో ఒక గేమ్ జామ్‌లో, అంటే రెండు మూడు రోజుల్లో గేమ్ చేసి చూపించే పోటీలో, దీని తొలి రూపాన్ని చేశాడు. స్క్రీన్ మీద 'గోడ', 'అడ్డు' లాంటి పదాలు పెట్టెల్లా ఉంటాయి. ఆ పెట్టెని తోసి వాక్యాన్ని విడగొడితే గోడ ఇక అడ్డు కాదు, దాంట్లోంచి నడిచిపోవచ్చు. ఆట నియమాల్ని పాటించడం కాదు, వాటిని తోసి మార్చడమే ఇక్కడ ఆట. గ్రాఫిక్స్ చూస్తే పాత కీప్యాడ్ ఫోన్ గేమ్‌లా ఉంటుంది.

పెద్ద బడ్జెట్ గేమ్‌లు కూడా ఇలాగే మొదలవుతాయి. జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ తీసేటప్పుడు నింటెండో టీమ్ ముందు పాతకాలపు టూడీ బొమ్మలతో ఒక నమూనా చేసి చూసుకుంది. 2017 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో దాన్ని చూపించారు కూడా. చెట్టు నరికితే దుంగ అవుతుంది, దుంగ నీళ్లలో తేలుతుంది, నిప్పు తగిలితే కాలుతుంది. ఈ నియమాలు చుక్కల బొమ్మల్లోనే సరదాగా ఉన్నాయని తేలాక త్రీడీకి వెళ్లారు. నియమం ముందు, అందం తర్వాత.

మనవాళ్లు ఎక్కడున్నారు?

ఇదంతా జపాన్, అమెరికా గొడవ అనుకోకండి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే గేమ్‌ని పీసీకి తెచ్చింది. పైన్నుంచి చూసే యాక్షన్ గేమ్. మన పురాణాల వాసన ఉన్న రాక్షసులు, ఆయుధాలు ఉంటాయి. అది తొక్క. అసలు విషయం దాని స్కిల్ ట్రీలో ఉంది. చాలా గేమ్‌లలో స్కిల్ ట్రీ ఫిక్స్‌డ్‌గా ఉంటుంది, యూట్యూబ్‌లో బెస్ట్ బిల్డ్ చూసి కాపీ కొట్టేయొచ్చు. అసురలో ఆడిన ప్రతిసారీ ఆ చెట్టే కొత్తగా పుడుతుంది. కాపీ కొట్టడానికి ఏమీ ఉండదు. చేతిలో పడినదాంతో నెట్టుకురావాలి.

పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ల 'రాజి' గురించి మీరు వినే ఉంటారు. 2017లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు అడిగితే లక్ష్యం చేరలేదు. అయినా వదల్లేదు, 2020లో గేమ్ విడుదలైంది. కథ చెప్పే సీన్లని తోలుబొమ్మల నీడల్లా నడిపించారు. చూడ్డానికి అద్భుతం. నా లెక్కలో మాత్రం దాని సాహసం ఎక్కువగా బొమ్మల్లో ఉంది, ఫైట్లలో తక్కువ. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్లేదు.

2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ తీసిన 'వెన్బా' దీనికి ఎదురు కోణం. కెనడాకి వలస వెళ్లిన ఒక తమిళ కుటుంబం, అమ్మ ఇచ్చిన చిరిగిపోయిన వంటల పుస్తకం. మనం చేసే పని వంట. పుస్తకంలో మాసిపోయిన అక్షరాలు, పోయిన ముక్కలు ఊహించుకుని ఇడ్లీ పిండి పళ్లేలు ఏ వరసలో పెట్టాలో తేల్చుకోవాలి. చిరిగిన పేజీ ఇక్కడ అలంకారం కాదు, పజిల్. అమ్మకీ కొడుక్కీ మధ్య పోయిన భాషే ఆ చిరుగు. రెండు గంటల్లోపే అయిపోయే ఈ గేమ్ 2024లో తొలి గేమ్ విభాగంలో బాఫ్టా గెలుచుకుంది.

పులిజూదం మనకి ముందే నేర్పింది

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. రచ్చబండ మీద, గుడి అరుగుల మీద గీతలు గీసి ఆడే పులిజూదం గుర్తుందా? ఎక్కువగా ఆడే పద్ధతిలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి తినేస్తుంది. మేక ఎవర్నీ తినలేదు, కానీ అన్నీ కలిసి పులికి కదలడానికి చోటు లేకుండా చేస్తే మేకలే గెలుస్తాయి. అంటే రెండు పక్షాల బలం వేరు, చేసే పని వేరు, గెలుపు కూడా వేరు. ఒక హంతకుడు నలుగుర్ని తరిమే డెడ్ బై డేలైట్ 2016లో వచ్చినప్పుడు అందరం కొత్తగా చూసిన పద్ధతి ఇదే. మన తాతలు బొగ్గుముక్కతో గీసి ఆడేశారు. గ్రాఫిక్స్ కార్డ్ అవసరం పడలేదు.

వైకుంఠపాళి కూడా అంతే. ఏ గుణానికి నిచ్చెన, ఏ దోషానికి పాము అనేది ఒక ఆలోచన. ఆ ఆలోచనని ఉపన్యాసంలా చెప్పకుండా నియమంలో పెట్టారు.

నా కాగితం గేమ్, దాని ఫెయిల్యూర్

ఇదంతా చదివి చదివి నేనూ ఒకటి చేద్దామనుకున్నా. విషయం ఎక్కడో వెతకక్కర్లేదు. భద్రాచలం దగ్గర గోదావరికి ఇప్పటికే గేమ్‌లాంటి మూడు లెవల్స్ ఉన్నాయి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. జూలై, ఆగస్టుల్లో ఇక్కడివాళ్లు క్రికెట్ స్కోర్ కంటే ముందు చూసేది ఈ నంబర్నే. 1986లో అది 75.6 అడుగులకి వెళ్లింది. 2022 జూలైలో 71.3కి వచ్చింది, బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు.

చార్ట్ మీద ఎనిమిది ఇళ్లు వేరువేరు ఎత్తుల్లో గీశా. నలుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి రెండు ఇళ్లు. ఒక్కో ఇంట్లో మనుషులు, ధాన్యం బస్తాలు, కాగితాల పెట్టె. నీళ్లు 35 దగ్గర మొదలు. పాచికలో 3 నుంచి 6 పడితే అన్ని అడుగులు పెరుగుతాయి, 1 లేదా 2 పడితే అంత తగ్గుతాయి. 43 దాటితే దారి నెమ్మది, 48 దాటితే కింది రోడ్డు బంద్, 53 దాటితే పడవే దిక్కు, అదీ వంతుకి ఒక కుటుంబానికే. ముందే వెళ్లిపోతే ఆరోజు కూలి పోతుంది. ఇది నిజం వరదకి కొలత కాదు, ఆట కోసం కుదించిన లెక్క.

మొదటిసారి మా పెద్దమ్మ పిల్లలతో ఆడా. పది నిమిషాల్లో అయిపోయింది. 43 పడగానే నలుగురూ సామాన్లు సర్దేసి గట్టెక్కేశారు. "అయిపోయిందా అన్నా? ఇంతేనా?" అన్నాడు చిన్నోడు. లెక్క స్పష్టంగా కనిపిస్తుంటే ఇక ఆలోచించడానికేముంది?

తప్పెక్కడో తెలిసింది. నిజంగా అంకె ఎప్పుడూ అంత స్పష్టంగా తెలియదు. పైన పేరూరులో ఎంత ఉందో తెలియాలి, అది ఇక్కడికి రావడానికి టైమ్ పడుతుంది. కింద కూనవరం దగ్గర శబరి పొంగితే దాని ఎగపోటుకి ఇక్కడి నీళ్లు దిగవు. అందుకని రెండో వెర్షన్‌లో పాచికని ఒక్కరే చూస్తారు. ఆ మనిషి 'పెరుగుతోంది', 'తగ్గుతోంది' అని మాత్రమే చెప్పాలి. అసలు అంకె రెండు వంతుల తర్వాతే చార్ట్ మీదికి వస్తుంది. శబరికి వేరే పాచిక. దానిమీద 5 లేదా 6 పడితే తగ్గాల్సిన నీళ్లు తగ్గవు. ఈసారి ఆట వేడెక్కింది. ఒకడు ఇంకో రోజు కూలి చూసుకుందాం అని ఆగాడు, ఇంకొకరు ధాన్యం మొదట తీశారు.

అప్పటిదాకా వంటింట్లోంచి చూస్తున్న పెద్దమ్మ వచ్చి చార్ట్ వైపు కాసేపు చూసింది. 86 వరద ఆమె చిన్నతనంలో చూసింది.

"ఇళ్లు బాగానే గీశావు గానీ, మరి గొడ్లేవిరా?" అంది.

"గొడ్లు ఎందుకు పెద్దమ్మా, మనుషులు బయటపడితే చాలు కదా?"

"అట్లనుకునేవాళ్లు ముందే పోతారురా నాయనా. పోనివాళ్లు ఎందుకు పోరో తెలుసా? బర్రెని ఎవరికి అప్పజెప్పి పోతారు?"

మూడో వెర్షన్‌లో ప్రతి ఇంటికీ ఒక బర్రె బిళ్ల పెట్టాం. అది పక్కన మనిషి ఉంటేనే కదులుతుంది, ఒక్క గడే కదులుతుంది, పడవ ఎక్కదు. ఒకే ఒక్క నియమం మారింది. ఆట మొత్తం మారిపోయింది. 48 దాటాక అందరూ వెళ్లిపోతుంటే మా చెల్లెలు తన మనిషి బిళ్లని వెనక్కి తిప్పి బర్రె పక్కన పెట్టింది. ఎవరూ నవ్వలేదు. నీళ్లు 53 దాటాయి. పడవ వంతు తనది కాదు. చిన్నోడు తన వంతు ఆమెకి ఇచ్చేశాడు. అలా ఇవ్వొచ్చని నేను నియమాల్లో రాయలేదు, వద్దనీ రాయలేదు.

నాలుగేళ్లుగా గేమ్‌ల మీద రాస్తున్నా. హద్దు దాటడం అంటే ఏంటో నాకు ఆ సాయంత్రం చార్ట్ పేపర్ మీద అర్థమైంది. మంచి నియమం నా బుర్రలోంచి రాలేదు, ఆ నీళ్లు చూసిన మనిషి దగ్గర్నుంచి వచ్చింది.

ఎవరి కథ, ఎవరు చెప్పాలి?

ఇదే పనిని పెద్ద స్థాయిలో చేసిన గేమ్ ఒకటుంది: 2014లో వచ్చిన నెవర్ అలోన్. అలాస్కాలోని మూలవాసుల సంస్థ కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్, ఈ-లైన్ మీడియాతో కలిసి దీన్ని తీసింది. ఇన్యూపియాట్ ప్రజల ఒక పాత కథ ఆధారం. ఆ కథ చెప్పిన పెద్దాయన కూతురి దగ్గర అనుమతి తీసుకున్నారు. సుమారు 40 మంది పెద్దలు, కథకులు, ఊరివాళ్లు పనిలో భాగమయ్యారు. గేమ్‌లో కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే వినిపిస్తుంది. పాప ఒక్కతే ఆడితే దాటలేని చోట నక్క దారి చూపిస్తుంది, నక్క చేయలేనిది పాప చేస్తుంది. ఒకరి మీద ఒకరు ఆధారపడి బతకడం అనే వాళ్ల విలువ కంట్రోలర్‌లోనే ఉంది.

మన అడవి అంచున కోయలున్నారు. వాళ్లకి సొంత భాష ఉంది, సమ్మక్క సారలమ్మ కథని పాటగా చెప్పే పరంపర ఉంది. వంశాల చరిత్రని గుడ్డ మీద బొమ్మలుగా చూపించే పడిగెలున్నాయి. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన గొంతులో ఉన్న కథలన్నీ ఏ సర్వర్‌లో ఉన్నాయి? రేపు ఎవరో పెద్ద స్టూడియో వచ్చి కొమ్ముల తలపాగాని ఒక స్కిన్‌గా అమ్మితే అది తొక్క. చర్ల కుర్రాడో, దుమ్ముగూడెం అమ్మాయో తమ అమ్మమ్మని అడిగి ఒక నియమం రాస్తే అది గేమ్.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆడాలంటే: బాబా ఈజ్ యూ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిట్లోనూ ఉంది, మామూలు ఫోన్‌లోనూ చక్కగా నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. కొత్తగూడెం దాటాక అడవిలో సిగ్నల్ పోయినప్పుడు నాకు తోడు అదే. బోర్డర్‌లో పాస్‌పోర్టులు చెక్ చేసే పేపర్స్ ప్లీజ్ కూడా 2022 నుంచి మొబైల్‌లో ఉంది. డెత్ స్ట్రాండింగ్ 2024లో ఐఫోన్‌కి వచ్చింది గానీ, ఐఫోన్ 15 ప్రో స్థాయి ఫోన్ కావాలి. ఔటర్ వైల్డ్స్, వెన్బా కోసం పీసీ లేదా కన్సోల్ తప్పదు. అసుర పీసీ గేమ్.

చేయాలంటే: ఒక చార్ట్, రెండు పాచికలు, చింతగింజలు చాలు. కాగితం మీద బాగున్నాక గోడోట్ అనే ఉచిత ఇంజన్ చూడండి. పాత ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటుంది, దాని ఎడిటర్ ఆండ్రాయిడ్‌కీ ఉంది. మాటలతో నడిచే గేమ్ అయితే ట్వైన్ సరిపోతుంది, అది బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది.

ఈసారి ట్రైలర్ చూసినప్పుడు సౌండ్ ఆపేసి, హీరో చేతుల్ని మాత్రం చూడండి. ఏం చేస్తున్నాడు? అది మీరు ఇంతకుముందు ఎన్నిసార్లు చేశారు? జవాబు దొరికితే ప్రీ-ఆర్డర్ చేయాలో లేదో మీకే తెలుస్తుంది.

మా గోదారి గేమ్ ఇప్పుడు నాలుగో వెర్షన్‌లో ఉంది. పడవ వంతు ఇంకొకరికి ఇవ్వొచ్చు అని నియమాల్లో రాయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. రాయొద్దు అంటోంది పెద్దమ్మ. రాసిపెడితే ఎవరూ ఇవ్వరట.